ఐసీయూలో ఉన్న క్యాన్సర్ రోగికి షుగర్ హెచ్చుతగ్గులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి లోపలి సంగతులు చాలావరకు అర్థం కావు. వెంటిలేటర్ అమరికలు, రక్తంలో లాక్టేట్, మూత్రపిండాల అంకెలు, అన్నీ కొత్తవే. షుగర్ ఒక్కటే వాళ్లకు ఇంటి నుంచీ తెలిసిన అంకె. అందుకే అందరూ దాన్నే పట్టుకుంటారు: ఈ పూట 140 అంటే ఊరట, మరో పూట 270 అంటే గుండె జారిపోవడం. ఆ అంకెను ఎలా చదవాలో తెలిస్తే అనవసరమైన భయం కొంత తగ్గుతుంది, అవసరమైన ప్రశ్న సరైన సమయానికి అడగగలుగుతారు. పదే పదే వినిపించే సందేహాలను దశలవారీగా ఇక్కడ చేర్చాను. అంకెలన్నీ మన లాబ్ రిపోర్టుల్లో ఉండే లెక్కలోనే, అంటే డెసీలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో ఉన్నాయి. మీ రోగి విషయంలో తుది మాట మాత్రం చికిత్స చేస్తున్న వైద్యులదే.

## ఐసీయూలో చేరిన తొలి రోజుల్లో

మా నాన్నగారికి ఎప్పుడూ షుగర్ లేదు. ఐసీయూలో చేరగానే 260 అంటున్నారు. షుగర్ జబ్బు వచ్చినట్టేనా?

వచ్చి ఉండవచ్చు, రాకపోయి ఉండవచ్చు. తీవ్రమైన ఇన్ఫెక్షన్, పెద్ద ఆపరేషన్, ఊపిరి అందని స్థితి లాంటివి ఎదురైనప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ హార్మోన్లను పెద్దఎత్తున విడుదల చేస్తుంది. వాటి ప్రభావంతో కాలేయం ఎడతెగకుండా గ్లూకోజ్ తయారు చేస్తుంది. కండరాలేమో ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. దీన్ని వైద్యులు స్ట్రెస్ హైపర్‌గ్లైసీమియా అంటారు. జబ్బు తగ్గుముఖం పట్టాక చాలామందిలో ఇది దానంతట అదే సర్దుకుంటుంది. కొందరిలో మాత్రం ఎన్నాళ్లుగానో దాగి ఉన్న మధుమేహం ఇలా బయటపడుతుంది. ఏది నిజమో తేలడానికి కొన్ని వారాలు పడుతుంది. పేరు ఏదైనా, ఇప్పుడు చేయాల్సిన చికిత్స మాత్రం ఒకటే.

క్యాన్సర్ మందుల వల్ల కూడా షుగర్ పెరుగుతుందా?

పెరుగుతుంది. ముందుగా చూడాల్సింది స్టెరాయిడ్లనే. కీమోథెరపీతో వాంతులు కాకుండా ఇచ్చే డెక్సామెథసోన్, మెదడులో వాపు తగ్గడానికి ఇచ్చేదీ అదే. లింఫోమా చికిత్సలో ప్రెడ్నిసొలోన్‌ను రోజుకు 100 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు ఇవ్వడం మామూలే. ఉదయం వేసిన ప్రెడ్నిసొలోన్ ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ఎక్కువగా ఉంటుంది. అందుకే పొద్దున పరగడుపున 110 ఉన్న మనిషికి సాయంత్రం 320 రావచ్చు. పొద్దుటి పరీక్ష మాత్రమే చూసి షుగర్ లేదని నిశ్చింతగా ఉంటే సాయంత్రపు పోటు కంటబడదు.

రక్తక్యాన్సర్‌లో వాడే ఆస్పరాజినేజ్ ఇన్సులిన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది, ఒక్కోసారి క్లోమానికి వాపు తెస్తుంది. ఎముక మజ్జ మార్పిడి తర్వాత ఇచ్చే టాక్రోలిమస్, రొమ్ము క్యాన్సర్‌లో వాడే ఆల్పెలిసిబ్, ఎవెరోలిమస్ కూడా షుగర్‌ను పెంచేవే. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ మందులు అరుదుగా క్లోమంలోని ఇన్సులిన్ కణాలనే నాశనం చేస్తాయి. అది జరిగితే సాధారణంగా జీవితాంతం ఇన్సులిన్ తప్పదు. కాబట్టి గత కొన్ని వారాలుగా వాడిన మందుల చీటీలన్నీ ఐసీయూ వైద్యులకు చూపించండి. వేరే ఆసుపత్రిలో కీమో తీసుకున్నవారైతే ఇది మరీ ముఖ్యం.

హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. అంటే ఇంతకుముందు షుగర్ లేనట్టేనా?

క్యాన్సర్ రోగిలో ఈ పరీక్షను గుడ్డిగా నమ్మలేం. సుమారు మూడు నెలల సగటు చక్కెరను ఎర్ర రక్తకణాల ఆధారంగా చెప్పే పరీక్ష ఇది. ఇటీవల రక్తం ఎక్కించి ఉంటే, ఆ కణాల్లో చాలా భాగం దాతవే. రక్తహీనత, రక్తస్రావం, మజ్జ దెబ్బతినడం కూడా ఫలితాన్ని అటూ ఇటూ లాగేస్తాయి. రక్తం ఎక్కించక ముందు తీసిన రిపోర్టు ఇంట్లో ఉంటే తెచ్చి ఇవ్వండి, దానికి విలువ ఎక్కువ.

ఇంట్లో వాడే షుగర్ మాత్రలు తెచ్చాం. వాటినే కొనసాగించవచ్చు కదా?

ఐసీయూలో సాధారణంగా మాత్రలు ఆపేసి ఇన్సులిన్ ఇస్తారు. కారణం ఉంది. మూత్రపిండాలు, రక్తపోటు దెబ్బతిన్న స్థితిలో మెట్‌ఫార్మిన్ వల్ల రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదముంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నవారు ఆ విషయం తప్పక చెప్పాలి. తిండి తగ్గి, జబ్బు ముదిరిన సమయంలో ఈ మందుల వల్ల షుగర్ పెద్దగా పెరగకుండానే, కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకునే విషమ స్థితి రావచ్చు. అంకె 190 మాత్రమే ఉంది కదా అనుకుంటే అది కనిపెట్టడం ఆలస్యమవుతుంది. గ్లిమిపిరైడ్ లాంటివేమో మూత్రపిండాలు మందగించినప్పుడు ఒంట్లో నిలిచిపోయి గంటల తరబడి షుగర్‌ను పడగొడతాయి.

## షుగర్ ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడు

180 వరకు ఉన్నా ఫరవాలేదంటున్నారు. ఇంకా తగ్గించకుండా ఎందుకు వదిలేస్తున్నారు?

వదిలేయడం కాదు, చేదు అనుభవం నేర్పిన జాగ్రత్త అది. 2001లో బెల్జియంలోని లూవెన్ నగరంలో 1,548 మంది ఐసీయూ రోగులపై ఒక అధ్యయనం జరిగింది. వాళ్లలో ఎక్కువమంది ఆపరేషన్ అయినవాళ్లు. షుగర్‌ను 80–110 మధ్య గట్టిగా బిగించి ఉంచితే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. ప్రపంచమంతా ఆ బాట పట్టింది. తర్వాత ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా, అమెరికాలలో ఆరువేల మందికి పైగా రోగులతో నైస్-షుగర్ అనే మరింత పెద్ద అధ్యయనం జరిగి, 2009లో ఫలితాలు వచ్చాయి. 81–108 మధ్య ఉంచాలని చూసిన వర్గంలో 90 రోజులకు మరణాలు 27.5 శాతం, 180, అంతకు తక్కువ చాలనుకున్న వర్గంలో 24.9 శాతం. షుగర్ 40కి, అంతకు దిగువకు పడిపోయినవాళ్లు మొదటి వర్గంలో 6.8 శాతం ఉంటే, రెండో వర్గంలో 0.5 శాతమే.

అప్పటి నుంచి ఎక్కువ ఐసీయూలు 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టి, 140–180 మధ్య ఉంచే పద్ధతి పాటిస్తున్నాయి. కాలేయం దెబ్బతిని, తిండి అందక, బరువు తగ్గిపోయిన క్యాన్సర్ రోగికి షుగర్ పడిపోయే అవకాశం ఎక్కువ. అలాంటి రోగిని 110కి తేవాలని పట్టుబట్టడం నా దృష్టిలో సాహసమే.

సగటు 160 అంటున్నారు. మరి హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్నాయని ఎందుకు కంగారు?

సగటు చాలా విషయాలను కప్పేస్తుంది. ఒక రోగికి వరుసగా 150, 165, 158, 170, 162 వచ్చాయనుకోండి. పక్క మంచం రోగికి 60, 290, 95, 260, 100 వచ్చాయి. ఇద్దరి సగటూ 161. కానీ మొదటి మనిషి రోజంతా నిలకడగా ఉన్నాడు, రెండో మనిషి రెండుసార్లు ఎగబాకి, ఒకసారి ప్రమాదపు గీత కిందికి జారాడు. ఈ తేడాను కొలవడానికి వైద్యులు విచలన గుణకం అనే లెక్క వాడతారు: అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చూసి, దాన్ని సగటుతో భాగించి శాతంగా చెబుతారు. మొదటి రోగికి అది సుమారు 5 శాతం, రెండో రోగికి దాదాపు 66 శాతం.

ఎక్కువగా ఉండటం, తక్కువకు పడిపోవడం, ఊగిసలాడటం అనే మూడింటినీ విడివిడిగా చూడాలి. ఒకటి బాగుంటే మిగతావీ బాగున్నట్టు కాదు. రక్తనాళాల లోపలి పొరకు నిలకడగా ఉన్న కొంచెం ఎక్కువ చక్కెర కన్నా, తరచూ ఎగిరిపడే చక్కెర వల్లే ఎక్కువ దెబ్బ తగులుతుందని ప్రయోగశాల పరిశోధనలు చెబుతున్నాయి.

ఉన్నట్టుండి 48కి పడిపోయింది. ఎవరైనా పొరపాటు చేశారా?

అడగడం మీ హక్కు, అడగండి. అయితే పొరపాటు లేకుండానూ ఇలా జరగవచ్చు. నేను తరచుగా చూసే సందర్భం ఇది: రోగికి ముక్కు గొట్టం ద్వారా ఆహారం వెళ్తోంది, పక్కన సిరంజి పంపులో ఇన్సులిన్ నడుస్తోంది. సీటీ స్కాన్‌కు తీసుకెళ్లాలని ఆహారం ఆపారు. స్కాన్ గది ముందు ఆలస్యమైంది. ఇన్సులిన్ పంపు అదే వేగంతో నడుస్తూనే ఉంది. గంట, గంటన్నరలో షుగర్ పడిపోవడానికి అది చాలు. ఆహారం ఆగితే ఇన్సులిన్ కూడా తగ్గాలి లేదా ఆగాలి. మంచి ఐసీయూలో ఈ రెండూ కలిపే చూసుకుంటారు.

ఇతర కారణాలూ ఉన్నాయి. మూత్రపిండాలు మందగిస్తే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. కాలేయం నిండా గడ్డలుంటే అవసరానికి గ్లూకోజ్ తయారు కాదు. ఇన్ఫెక్షన్ బాగా ముదిరితే శరీరం ఉన్న చక్కెరను త్వరగా ఖర్చు చేసేస్తుంది. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే కార్టిసాల్ కొరతతో పడిపోతుంది. కొన్ని పెద్ద కణితులు ఇన్సులిన్‌ను పోలిన పదార్థాన్ని తామే విడుదల చేస్తాయి, ఇది అరుదు. 70 కన్నా దిగితే వెంటనే సిర ద్వారా డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) ఇచ్చి, పదిహేను నిమిషాల్లో మళ్లీ పరీక్షిస్తారు. మత్తులో ఉన్న రోగికి చెమట పట్టినా, వణికినా తానుగా చెప్పలేడు. గంటగంటకూ పరీక్షించడానికి ముఖ్య కారణం అదే.

వేలి చివర పరీక్ష ఒకటి చెబుతోంది, లాబ్ రిపోర్టు మరొకటి చెబుతోంది. ఏది నమ్మాలి?

ఐసీయూలో, అందులోనూ క్యాన్సర్ రోగిలో, లాబ్ ఫలితానికే మొగ్గు. గ్లూకోమీటర్ ఇంట్లో తిరిగే మనిషి కోసం తయారైన పరికరం. రక్తహీనత బాగా ఉంటే చాలా గ్లూకోమీటర్లు అసలు కన్నా ఎక్కువ చూపిస్తాయి. కీమో తీసుకున్నవాళ్లలో హీమోగ్లోబిన్ 7 దగ్గర ఉండటం కొత్తేమీ కాదు. అలాంటప్పుడు మీటరులో 95 కనిపించినా అసలు అంకె అంతకన్నా తక్కువై ఉండవచ్చు. రక్తపోటు పడిపోయి వేళ్లు చల్లబడినా, చేతికి నీరు పట్టినా, విటమిన్ సి ఎక్కువ మోతాదులో ఇచ్చినా లెక్క తప్పుతుంది. గ్లూకోజ్ సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే 400 వచ్చినా ఆశ్చర్యం లేదు. ధమనిలో గొట్టం ఉంటే దాని నుంచి తీసిన రక్తాన్ని బ్లడ్ గ్యాస్ యంత్రంలో పరీక్షించడం మేలు.

ఒక్క విషయంలో లాబ్ కూడా మోసపోతుంది. రక్తక్యాన్సర్‌లో తెల్లకణాలు లక్షకు మించి ఉన్నప్పుడు, తీసిన రక్తం గొట్టంలో ఉండగానే ఆ కణాలు చక్కెరను వాడేసుకుంటాయి. రిపోర్టులో 35 అని వస్తుంది, రోగి మాత్రం లేచి కూర్చుని మాట్లాడుతుంటాడు. బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ గొట్టంలో తీసి, ఆలస్యం చేయకుండా పరీక్షిస్తే అసలు సంగతి తేలుతుంది.

గంటగంటకూ వేలు గుచ్చుతున్నారు. పాపం, అంత అవసరమా?

సిర ద్వారా ఇన్సులిన్ నడుస్తున్నంతసేపు అవసరమే. ఆ ఇన్సులిన్ పని నిమిషాల్లో మొదలవుతుంది, ఆపితే కాసేపట్లోనే తగ్గుతుంది. నిలకడ వచ్చాక రెండు గంటలకు, తర్వాత నాలుగు గంటలకు ఒకసారి చాలంటారు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువుండి వేళ్లు కమిలిపోతుంటే, ఉన్న గొట్టం నుంచే రక్తం తీయవచ్చేమో అడగండి.

రౌండ్స్ సమయంలో డాక్టరుగారిని ఏమి అడగాలి?

“ఈరోజు షుగర్ ఎంత?” అనే ప్రశ్నకు ఒక్క అంకె జవాబుగా వస్తుంది, దానితో మీకు తెలిసేది తక్కువ. “నిన్నటి నుంచి కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత? 70 కన్నా దిగిందా? దిగితే కారణం తెలిసిందా? స్టెరాయిడ్ మోతాదు మారుతోందా?” అని అడగండి. ఇన్సులిన్ ఇస్తే పొటాషియం పడిపోతుంది, దాన్ని చూస్తున్నారా అని కూడా అడగవచ్చు.

లండన్‌లో ఉన్న మా చెల్లికి అంకెలు పంపితే 9 అంటే సరిపోతుందంటోంది. 180 ఎక్కడ, 9 ఎక్కడ?

బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో లీటరుకు మిల్లీమోళ్ల లెక్క. మన అంకెను 18తో భాగిస్తే వాళ్ల అంకె వస్తుంది. 180 అంటే 10, 140 అంటే దాదాపు 7.8, 70 అంటే దాదాపు 3.9. మీ చెల్లెలు చెప్పిన 9 అంటే మనకు 162, సరైన పరిధిలోనే ఉంది.

## ప్రాణాపాయం గురించి

షుగర్ ఇలా ఊగిసలాడుతోంది. బతికే అవకాశం తగ్గినట్టేనా?

హెచ్చుతగ్గులు ఎక్కువున్న ఐసీయూ రోగుల్లో మరణాలు ఎక్కువగా ఉన్నాయన్నది నిజం. 2006లో ఆస్ట్రేలియాలోని నాలుగు ఆసుపత్రులకు చెందిన 7,049 మంది రికార్డులు పరిశీలించినప్పుడు, సగటు చక్కెరతో పాటు దాని చెదురుబాటుకు కూడా మరణాలతో సంబంధం కనిపించింది. ఆ తర్వాత అలాంటి పరిశీలనలు చాలా వచ్చాయి. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి ఐసీయూ రికార్డులతో రూపొందిన మిమిక్ సమాచార భండారం ఈ తరహా పరిశోధనలకు బాగా ఉపయోగపడుతోంది.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఇవన్నీ జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసిన లెక్కలు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకే ఇన్ఫెక్షన్ ఎక్కువ, స్టెరాయిడ్లు ఎక్కువ, ఆహారానికి ఆటంకాలు ఎక్కువ. వాళ్ల షుగరే ఎక్కువగా ఊగుతుంది. అంటే ఊగిసలాట కొంతమేర హాని చేస్తుంది, కొంతమేర లోపలి జబ్బు తీవ్రతను చూపిస్తుంది. ఈ రెండింటి వాటా ఎంతెంతో ఒక మనిషి విషయంలో ఎవరూ విడదీసి చెప్పలేరు. పైగా, ఎన్నో ఏళ్లుగా మధుమేహం ఉన్నవారిలో పెరిగిన చక్కెరకూ మరణాలకూ సంబంధం అంత బలంగా కనిపించదు. వాళ్ల శరీరం ఎక్కువ అంకెలకు అలవాటు పడి ఉంటుంది. ఒక చెడ్డ రోజు షుగర్ పట్టీ చూసి ఆశ వదులుకోవద్దు.

మరి ప్రాణం నిలవడం ముఖ్యంగా దేనిమీద ఆధారపడుతుంది?

ఎన్ని అవయవాలు దెబ్బతిన్నాయి, వెంటిలేటర్, రక్తపోటు మందులు, డయాలిసిస్ అవసరమయ్యాయా, ఐసీయూకు ముందు రోగి తన పనులు తాను చేసుకునేవాడా, క్యాన్సర్‌కు ఇంకా పనిచేసే చికిత్స మిగిలి ఉందా అన్నవి షుగర్ కన్నా ఎక్కువ బరువున్న విషయాలు. మొదటి రోజే భవిష్యత్తు చెప్పడం కష్టం. అందుకే చాలాచోట్ల పూర్తిస్థాయి చికిత్స ఇచ్చి, కొన్ని రోజుల తర్వాత అవయవాల తీరు చూసి కుటుంబంతో మళ్లీ మాట్లాడతారు. ఆ మాటామంతీ ఎప్పుడు జరుగుతుందో ముందుగానే అడిగి పెట్టుకోండి.

ఇక కోలుకోరని చెప్పారు. ఇంకా షుగర్ పరీక్షలు చేయించాలా?

ఉపశమనమే లక్ష్యమని అందరూ కలిసి నిర్ణయించాక, గంటగంటకూ గుచ్చడంలో అర్థం లేదు. అమితమైన దాహం, పదే పదే మూత్రం, షుగర్ పడిపోవడం వల్ల వచ్చే బాధ లేకుండా చూస్తే చాలు. చక్కెర కొంత ఎక్కువున్నా వదిలేస్తారు. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి మాత్రం కొద్దిపాటి ఇన్సులిన్ కొనసాగించాలా అన్నది వైద్యులతో మాట్లాడాలి. పరీక్షలు తగ్గించమని అడగడం రోగిని వదిలేయడం కాదు. ఆ మాట అడగలేక నలిగిపోయే పిల్లలను చాలామందిని చూశాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉన్నట్టు, బాధను తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం మీ ఆసుపత్రిలోనూ ఉంటే వాళ్ల సలహా తీసుకోండి.

## ఆహారం విషయంలో

చక్కెర క్యాన్సర్‌కు మేత అంటారు కదా. మరి గ్లూకోజ్ ఎందుకు ఎక్కిస్తున్నారు?

క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడుకుంటాయన్నది నిజమే. పెట్ స్కాన్ పనిచేసేదే ఆ ఆధారంతో. కానీ రోగికి పిండిపదార్థాలు మాన్పిస్తే కణితి మాడిపోదు. కాలేయం కండరాల్లోని ప్రొటీన్‌ను కరిగించి మరీ గ్లూకోజ్ తయారు చేస్తుంది. నష్టపోయేది ఊపిరి తీసుకోవడానికి, లేచి నిలబడటానికి కావలసిన కండ. వీలైతే ఐసీయూలో చేరిన 24 నుంచి 48 గంటల్లో గొట్టం ద్వారా ఆహారం మొదలుపెట్టడం మంచిది. షుగర్ పెరిగితే ఇన్సులిన్ సర్దుతారు, తిండి కోయరు.

కొబ్బరినీళ్లు, రాగిజావ ఇంటి నుంచి తెచ్చి పట్టించవచ్చా?

అడగకుండా వద్దు. మత్తు పూర్తిగా వదలని రోగికి రెండు చెంచాల జావ కూడా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, మూత్రపిండాలు పనిచేయని రోగికి అది గుండె లయకే ప్రమాదం. తెల్లకణాలు తక్కువగా ఉన్నవారికి బయటి ఆహారంతో ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంది. పైగా లెక్కలోకి రాని ఆహారం వెళ్తే, దాని వల్ల పెరిగిన షుగర్‌ను చూసి నర్సు ఇన్సులిన్ పెంచుతుంది. రెండు గంటల తర్వాత అది పడిపోతుంది. పెట్టాలనిపిస్తే ముందుగా ఐసీయూ డైటీషియన్‌కు చెప్పండి.

## వార్డుకు, ఇంటికి వెళ్లాక

ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. షుగర్ మళ్లీ ఎందుకు ఎగిరింది?

సిర ద్వారా ఇన్సులిన్ ఆపడానికి ఒకటి రెండు గంటల ముందే, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్‌ను చర్మం కింద ఇవ్వాలి. ఆ మధ్యలో ఖాళీ వస్తే షుగర్ ఎగురుతుంది. వార్డులో నోటితో తినడం మొదలవడం, తినే మోతాదు రోజుకో రకంగా ఉండటం మరో కారణం. భోజనం సగమే తింటే ఆ సంగతి నర్సుకు తప్పక చెప్పండి.

ఇంటికి పంపుతూ ఇన్సులిన్ రాశారు. స్టెరాయిడ్ తగ్గిస్తున్నారు. ఏమి జాగ్రత్త పడాలి?

స్టెరాయిడ్ మోతాదు తగ్గినప్పుడల్లా ఇన్సులిన్ కూడా తగ్గాలి. పాత చీటీలోని యూనిట్లనే కొనసాగిస్తే వారం తిరగకుండానే షుగర్ పడిపోయి మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. డిశ్చార్జ్ రోజునే స్టెరాయిడ్ తగ్గింపు పట్టిక పక్కన ఏ రోజు ఎన్ని యూనిట్లో రాయించుకోండి. స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. పరగడుపునే కాక సాయంత్రం భోజనానికి ముందు కూడా పరీక్షించండి.

70 కన్నా తక్కువ వస్తే, స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వరుసగా 300 దాటుతున్నా, వాంతులు, ఆయాసం, మగత, జ్వరం తోడైనా ఆగవద్దు.

ఇప్పుడు షుగర్ మామూలుగా ఉంది. ఇక పరీక్షలు ఆపేయవచ్చా?

తరచూ చేయాల్సిన అవసరం తగ్గుతుంది. కానీ ఐసీయూలో షుగర్ పెరిగినవారిలో కొందరికి తర్వాతి కాలంలో మధుమేహం వస్తుంది. మూడు నెలలకు ఒకసారి పరగడుపు పరీక్ష, హెచ్‌బీఏ1సీ చేయించండి. ఆ మధ్యలో రక్తం ఎక్కించి ఉంటే హెచ్‌బీఏ1సీ బదులు పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసే మామూలు పరీక్షలే మేలు. స్టెరాయిడ్ ఉన్న కీమో విడత మళ్లీ మొదలైతే, ఆ రోజుల్లో సాయంత్రపు పరీక్ష మళ్లీ మొదలుపెట్టాలి. గతసారి ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ అవసరమైందో రాసి ఉంచిన కాగితం అప్పుడు వైద్యులకు బాగా పనికొస్తుంది.